గోడ స్విచ్ ఆపేయమన్నది నేనే

ఆరేళ్లుగా నా కడుపులో ఒక రాయి ఉంది. స్కానింగులో పడే రకం కాదు కాబట్టి డాక్టరుకు కాకుండా మీకు చూపిస్తున్నాను.

రాయి అనడం కూడా కొంచెం ఎక్కువే. రాయి అయితే బరువుగా ఒకచోట పడి ఉంటుంది. ఇది పళ్ల సందున ఇరుక్కున్న మామిడిపీచు లాంటిది. మాట్లాడుతున్నంతసేపూ గుర్తుండదు. నోరు మూసుకున్న క్షణం నాలుక సరాసరి అక్కడికే పోతుంది. అందుకేనేమో, ఈ ఆరేళ్లలో నేను నోరు మూసుకున్నది చాలా తక్కువ.

నన్నెరిగినవాళ్లకు నేనొక జోకుల మనిషిని. పెళ్లిలో అప్పగింతలప్పుడు అందరూ ఏడుస్తుంటే, మైకు ఇంకా ఆన్‌లోనే ఉందని గుర్తుచేసే రకం. ఎవరైనా పెద్ద మాట మాట్లాడితే దాని గాలి తీయకుండా ఉండలేను. ఇప్పుడు నా మాట గాలి నేనే తీసుకోవాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. పొయ్యి దగ్గర మొదలుపెడతాను. తప్పు జరిగింది అక్కడే. కాదు, జరిగింది అక్కడ. చేసింది ఇంకోచోట.

అప్పట్లో ఆదోనిలో ఇంటి సామాన్లు అమ్మే ఒక షోరూములో పని చేసేవాణ్ని. ఫ్రిజ్జులు, వాషింగ్ మిషన్లు, పొయ్యిలు ఇళ్లకు తీసుకుపోయి బిగించి, ఎట్లా వాడాలో చూపించి రావడం నా పని. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. చూపించడం అంటే నాకు ఇష్టం. నలుగురు చుట్టూ నిలబడతారు, నేను మాట్లాడతాను, వాళ్లు నవ్వుతారు. జీతం దానికి కాకపోయినా నేను పని చేసింది దానికే.

ఆ సంవత్సరం ఉగాదికి ముందు, పత్తి వ్యాపారం చేసే ఒక సావుకారు ఇంట్లో గ్లాసు పొయ్యి బిగించాను. ఆయన బెంగళూరులో బావమరిది ఇంట్లో దాన్ని చూసి మనసు పడ్డాడు. వంటగదంతా నల్ల బండతో కొత్తగా కట్టించి, ఆ బండలోనే పొయ్యిని సమంగా పొదిగించుకున్నాడు. చూడని వాళ్ల కోసం చెబుతాను. పైన నల్లటి గాజు పలక తప్ప ఇంకేమీ ఉండదు. మంట రాదు. గాజు కింద తీగ ఎర్రబడి గాజును వేడెక్కిస్తుంది, ఆ వేడికి పైన పెట్టిన గిన్నె కాగుతుంది. పొయ్యి ఆపితే తీగ వెంటనే నల్లబడిపోతుంది. గాజు మాత్రం చాలాసేపు కాలుతూనే ఉంటుంది. ఆ వేడి కంటికి తెలియదు. అందుకే మూలన ఒక చిన్న ఎర్ర లైటు పెట్టారు. పొయ్యి ఆపాక కూడా అది వెలుగుతుంది. గాజు మీద చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే అదంతట అది ఆరుతుంది.

ఇదంతా ఆ రోజు చెప్పాను. నా పద్ధతిలో చెప్పాను. "ఇది పొయ్యి కాదమ్మా, కొత్తల్లుడు. మెత్తని గుడ్డతోనే తుడవాలి. స్టీలు పీచు తగిలితే గీతలు పడి అలుగుతాడు. అడుగు సమంగా ఉండే గిన్నెలే పెట్టాలి, పెనాన్ని ఈడ్చకూడదు, ఎత్తి పెట్టాలి. పాకం పొంగితే ఆరబెట్టకుండా జాగ్రత్తగా వేడి మీదే గీకాలి, మిగతా మరకలు చల్లారాక. కాలే గాజు మీద తడిగుడ్డ వేస్తే ఆవిరి చేతికి కొడుతుంది. గాజు బీటలిస్తే గోడకున్న మెయిన్ స్విచ్ ఆపేసి మాకు ఫోన్ చెయ్యాలి." మెయిన్ ఆపమని నేను ఎవరికైనా చెప్పేది ఆ ఒక్క సందర్భానికే. ఇది గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

ఆ ఇంట్లో రొట్టెలు చేసేది ఉరుకుందమ్మ. గోనెగండ్ల మనిషి. భర్త హమాలీ పనికి ఆదోని వస్తే ఆయన వెంట వచ్చి, పొద్దునా సాయంత్రం ఆ ఇంట్లో జొన్నరొట్టెలు చేసేది. నలభై అయిదేళ్లుంటాయి. రొట్టె తట్టడంలో ఆమెకు ఒక వేగం ఉంది. అరచేయి బండ మీద పడే చప్పుడు వీధి గేటు దాకా వినబడేది. పొయ్యి పక్కనే బండ మీద తట్టేది. అయిపోయాక చెదిరిన పిండిని అరచేత్తో ఒక్క ఊపున కూడగట్టి డబ్బాలోకి తోసేది. జొన్నపిండి పారేయడం ఆమె వల్ల అయ్యే పని కాదు.

నేను చూపించి ముగించిన రోజు కూడా అదే చేసింది. బండ మీద నుంచి గాజు మీదికి, గాజు మీద నుంచి బండ మీదికి, ఒకే ఊపు.

"అక్కా, అది బండ కాదు, పొయ్యి," అన్నాను.

"రెండూ నల్లగానే ఉండాయి కదప్పా," అని నవ్వింది.

అప్పుడు గాజు చల్లగా ఉంది. నేనూ నవ్వాను. అంటే ఆమె చెయ్యి ఎక్కడెక్కడికి పోతుందో నాకు ముందే తెలుసు. తెలియదని చెప్పుకునే అవకాశం కూడా నేను నాకు మిగుల్చుకోలేదు.

తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. సావుకారు తల్లిని ఇంట్లో అందరూ అవ్వ అనేవారు. అవ్వకు ఆ ఎర్ర లైటుతో పడలేదు. పొయ్యి ఆపాక లైటు వెలుగుతోందంటే కరెంటు కాలుతోందని ఆమె లెక్క. ఆ వారంలో నాలుగుసార్లు ఫోన్ చేయించింది. నాలుగుసార్లూ ఓపికగానే చెప్పాను, అది వేడి గుర్తు, కరెంటు కాలదు, ఉండనీయండి అని. నాలుగోసారికి ఓపిక అడుగంటింది.

అయిదో ఫోన్ వచ్చినప్పుడు నేను కైరుప్పలలో ఉన్నాను. ఉగాది మరునాడు అక్కడ పిడకలతో కొట్టుకుంటారు. ఊరు రెండు పక్షాలైపోయి, గుట్టలకొద్దీ పిడకలు ఒకరి మీద ఒకరు విసురుకుంటారు. స్నేహితులతో పోయాను. తల నిండా పిడక పొడి. ఒక పిడక అప్పుడే భుజానికి తగిలి పగిలింది. గోల, దుమ్ము, నవ్వులు. జేబులో ఫోన్ అదిరింది. ఉరుకుందమ్మ.

"అప్పా, పొయ్యి ఆపినా లైటు ఆరలే. అవ్వ అరుస్తాంది, మీటరు తిరుగుతాంది అని."

సరైన జవాబు నాకు తెలుసు. ఆ సంగతి మీ దగ్గర దాచను. అవ్వను ఫోన్ దగ్గరికి పిలిచి ఇంకోసారి చెబితే రెండు నిమిషాలు పట్టేది. ఆ రెండు నిమిషాలు నేను ఇవ్వలేదు. పక్కన స్నేహితులు చూస్తున్నారు, ఏదో ఒక మాట అంటే వాళ్లు నవ్వుతారు.

"గోడకుండే స్విచ్ ఆపేయక్కా. లైటూ ఆరుతాది, అవ్వా ఆరుతాది."

స్నేహితులు నవ్వారు. ఆమె నవ్వలేదు. మళ్లీ అడిగింది.

"రోజూ అట్లనే సేయాల్నా?"

"రోజూ అట్లనే సెయ్యి."

ఫోన్ పెట్టేశాను. ఇంకో పిడక అందుకున్నాను.

ఇంతే నేను చేసింది. రాసి చూసుకుంటే నాలుగు వరుసలు కూడా లేదు. కానీ ఆమె మళ్లీ అడిగింది చూడండి. రోజూ అట్లనే సేయాల్నా అని. అజాగ్రత్త మనిషి అట్లా అడుగుతుందా? ఆ ప్రశ్నే నన్ను ఆరేళ్లు పీకింది. ఆమె అడగకుండా ఉంటే నేను ఏదో ఒక సాకుతో బతికేసేవాణ్ని.

మెయిన్ ఆపితే లైటు పోతుంది. గాజు వేడి పోదు. ఉన్న ఒక్క గుర్తునూ నేను ఆర్పించాను.

మూడు వారాలు ఏమీ కాలేదు. రొట్టెలు అయ్యాక ఉరుకుందమ్మ పెనాన్ని పొయ్యి మీదే వదిలేసి, గోడ స్విచ్ ఆపి, వడ్డనకు పోయేది. అందరూ తిని లేచాక వచ్చి తుడుచుకునేది. అప్పటికి గాజు చల్లారేది. ఎవరి పద్ధతి వల్ల ఏం కాకుండా ఆగుతోందో ఎవరికీ తెలియలేదు.

ఒకరోజు సాయంత్రం చుట్టాలు వచ్చారు. చోటు కావాలని అవ్వ తొందరపెట్టింది. ఉరుకుందమ్మ చివరి రొట్టె తీసి, గోడ స్విచ్ ఆపి, పెనాన్ని వెంటనే పక్కకు దించింది. మూలకు చూసింది. లైటు లేదు. తర్వాత ఆమె చెప్పింది, చూసినానప్పా, లైటు లేదు అని. చూసి, ఎప్పటిలా పిండిని అరచేత్తో కూడగట్టింది. బండ మీద నుంచి గాజు మీదికి. ఒకే ఊపు.

కుడి చెయ్యి.

మూడోరోజు సావుకారు మా ఓనరుకు ఫోన్ చేశాడు. పొయ్యిలో లోపముందా, లేక మీవాడు సరిగ్గా చెప్పలేదా, ఏదో ఒకటి తేల్చమన్నాడు. ఓనరు నన్ను బండెక్కించుకుని బయలుదేరాడు. దారిలో ఒక్క మాటే అన్నాడు. "నువ్వు సెప్పింటే అందరం బయటపడతాం. సెప్పకపోయింటే రేపట్నించి నువ్వు రావొద్దు." జీవితంలో నాకు జోకు తట్టని మొదటి ప్రయాణం అదే.

వంటగదిలో అందరూ ఉన్నారు. సావుకారు, ఆయన భార్య, స్టూలు మీద అవ్వ. గోడకు ఆనుకుని ఉరుకుందమ్మ. కుడిచేతికి మణికట్టు దాకా తెల్ల గుడ్డ చుట్టారు. ఆ చేతిని ఎడమచేతిలో పెట్టుకుని, పరాయి వస్తువును పట్టుకున్నట్టు పట్టుకుని ఉంది. నన్ను చూడగానే ఆమె ముఖం తేలికపడింది. సాక్షి వచ్చాడనుకుంది. అవును, సాక్షినే.

"లైటు ఆరేదాకా తాకొద్దని నువ్వు సెప్పినావా లేదా?" సావుకారు అడిగాడు.

"సెప్పినా సార్. బిగించిన రోజే సెప్పినా."

ఇది నిజం. నిజంతో మొదలుపెడితే అబద్ధం సులువుగా వస్తుందని అప్పుడు నేర్చుకున్నాను.

"లైటు లేదు సామీ," ఉరుకుందమ్మ అంది. "సూసే పెట్టినా. గోడ స్విచ్ ఆపినా కదా, లైటు ఆరిపోయుండాది."

"గోడ స్విచ్ ఎవురు ఆపమన్నారే నిన్ను?"

"ఈ యప్పే. ఫోన్లో. సెప్పప్పా, నువ్వే కదా సెప్పినావు, రోజూ అట్లనే సేయమని?"

అందరూ నా వైపు తిరిగారు. అవ్వ కూడా. ఓనరు మాత్రం పొయ్యిని చూస్తున్నాడు.

నేను దగ్గి గొంతు సవరించుకున్నాను. ఉరుకుందమ్మ ముఖంలో కోపం లేదు. నన్ను ఇరికించాలనీ లేదు. ఇద్దరికీ తెలిసిన మాటను ఇంకొకరికి చెప్పమంటోంది, అంతే.

"గాజు బీటలిస్తే ఆపమన్నా అక్కా," అన్నాను. "అది బిగించిన రోజు సెప్పిన మాట. ఫోన్లో నేను లైటు ఆరేదాకా ఉండమన్నా. నువ్వు మర్సినట్లున్నావు."

నా గొంతు ఎంత మెత్తగా ఉందో ఇప్పటికీ వినబడుతుంది. జాలి కూడా కలిపాను. ఎందుకు కలిపానో తెలుసా? జాలి కలిస్తే అబద్ధంలా ఉండదు.

ఆమె నా ముఖంలో ఏదో వెతికింది. తర్వాత తన చేతి గుడ్డ వైపు చూసింది. ఆమె కళ్లలో ఒక లెక్క తారుమారు కావడం నేను దగ్గర్నుంచి చూశాను. చదువుకున్న పిల్లోడు, షోరూము మనిషి, ఇంత నిదానంగా చెబుతున్నాడు. తప్పు తన తలలోనే ఉండాలి.

"అట్లనా?" అంది. "అయితే సెప్పింటావులే అప్పా. నేనే మర్సినట్లుండా."

అరిచి ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే నేను ఇంటికి పోయి రెండు రోజుల్లో మరిచిపోయేవాణ్ని. ఆమె నా మాట నమ్మింది. తన మాట కంటే ఎక్కువగా.

"ఇంట్లో పిల్లలుండారు," సావుకారు అన్నాడు. "మతి నిలకడ లేని మనిషిని పొయ్యికాడ పెట్టలేం." ఆస్పత్రికి తీసుకుపోయే ఏర్పాటు ఏదో చెప్పాడు. చెడ్డవాడేం కాదు. అవ్వ పాపం పాపం అంది. ఉరుకుందమ్మ తన జొన్నపిండి జల్లెడ తీసుకుని పోయింది. ఎడమచేత్తో.

అక్కడితో అయిపోయుంటే కూడా సరే. ఆమె పోయాక సావుకారు భార్య పొయ్యి వైపు చూపించింది. మూడు రోజులుగా ఎవరూ దాన్ని ముట్టుకోలేదట. "ఎట్లా తుడవాల్నో నీకే తెలుసు కదా," అంది.

గాజు మీద మాడిన పిండి ఉంది. దాని మధ్యలో అరచేయి జరిగిన దారి. నాలుగు వేళ్ల గీతలు, అరచేతి అడుగుభాగం ఆగినచోట ముదురు రంగు మరక. మరక అంటున్నాను. అది ఏమిటో అందరికీ తెలుసు.

మెయిన్ వేశాను. లైటు రాలేదు, గాజు చల్లగా ఉంది. మళ్లీ ఆపాను. సంచిలోంచి గీకుడు బ్లేడు తీసి, నేర్పిన పద్ధతిలోనే, గాజుకు దాదాపు ఆనేటట్టు పడుకోబెట్టి, మెల్లగా ముందుకు తోశాను. పొరలు పొరలుగా లేచింది. పొడిని కాగితంలోకి ఎత్తాను. వెనిగర్ చుక్కలు వేసి నానబెట్టి, మెత్తని గుడ్డతో గుండ్రంగా తుడిచాను. తడి, తర్వాత పొడి. ఒక్క గీత పడలేదు. చివరికి గాజులో నా ముఖం కనిపించేంత మెరిసింది.

"కొత్తదాని మాదిరి చేసినాడు," అంది ఆమె మెచ్చుకోలుగా. ఓనరు నా భుజం తట్టాడు.

నా వృత్తిలో ఇప్పటిదాకా అంత శుభ్రంగా చేసిన పని ఇంకొకటి లేదు.

ఇప్పుడు ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి. నెల తిరక్కుండానే దాన్ని నేను కథ చేశాను. టీ కొట్టు దగ్గర చెప్పేవాణ్ని. లైటుతో కొట్లాడే అవ్వ, గాజును బండ అనుకున్న రొట్టెలామె. చెయ్యి పెట్టే చోట నేనే ఎగిరి అరిచి చూపించేవాణ్ని. జనం పడీపడీ నవ్వేవారు. కథలో ఫోన్ ఉండేది కాదు. ఎంత చక్కగా ఎడిట్ చేశానో చూడండి. ఎందుకు చెప్పేవాణ్ని? నవ్వు వచ్చే సంగతి నేరం కాదు కదా అని నాకు నేను నచ్చజెప్పుకోవడానికా? లేక నిజంగానే నాకు ఏమీ అనిపించలేదా? మొదటిదే అనుకోవాలని ఉంది. మీరు ఏది నమ్మినా నేను వాదించను.

రెండేళ్లకు ఎమ్మిగనూరులో ఇంకో షోరూముకు మారాను. ఇక్కడ గ్లాసు పొయ్యి అమ్మిన ప్రతిసారీ లైటు సంగతి మరీ ఎక్కువగా చెబుతాను. మెయిన్ ఆపొద్దు, లైటు ఆరేదాకా చెయ్యి పెట్టొద్దు, లైటు లేకపోయినా ముందు అరచేతిని పైన గాలిలో పెట్టి సెగ చూసుకోండి, కరెంటు పోయినా లైటు పోతుంది జాగ్రత్త అని. కొన్నవాళ్లు విసుక్కుంటారు. నన్ను చాలా బాధ్యత గల మనిషి అంటారు. ఆ మాట అన్నప్పుడల్లా నాలుక ఆ పీచు దగ్గరికి పోతుంది.

మొన్న ఎండాకాలం మొదట్లో, చంటిపాపను చంకనేసుకుని ఒకామె మా షాపుకు వచ్చింది. చెయ్యి పెట్టినా కాలని పొయ్యి ఏదైనా ఉందా అని అడిగింది. అట్లాంటిది ఉంటే ముందు నేనే కొంటానన్నాను. ఆమె నవ్వలేదు. తనకోసం కాదంది. అమ్మకు మతిమరుపట. అయిదారేళ్ల కింద ఆదోనిలో ఒక ఇంట్లో, షాపు పిల్లోడు అంత వివరంగా చెప్పినా మరిచిపోయి గాజు పొయ్యి మీద చెయ్యి పెట్టిందట. అరచేతి చర్మం ముడుచుకుపోయి వేళ్లు చాపలేకపోతోందట. రొట్టె తట్టడం అప్పుడే పోయింది. అంతకంటే, అప్పట్నుంచి తనమీద తనకే నమ్మకం లేదంది. తలుపు వేశానా అని మూడుసార్లు లేస్తుంది. ఏదైనా పని చెబితే కొంగుకు ముడి వేసుకుంటుంది. కొంగంతా ముడులే.

"ఎత్తుకుంటానంటాది, ఈ పాపను మాత్రం ఆయమ్మ ఒక్కదానికే ఇడ్సిపెట్టము," అంది. "యాడ పెట్టి మర్సిపోతాదో."

పాప నా బిల్లు పుస్తకం లాగుతోంది. నేను ఊరు అడిగాను, అడగాల్సిన అవసరం లేకపోయినా. గోనెగండ్ల అంది.

చెప్పానా? లేదు. ఇండక్షన్ పొయ్యి చూపించి, దానికి మంట లేకపోయినా గిన్నె వేడికి గాజు కాలుతుందని చెప్పాను. ఆలోచించుకుని వస్తానని ఆమె వెళ్లింది. నేను భోజనానికి పోయి ముద్ద కలిపి, అట్లాగే కూర్చున్నాను. చెయ్యి కాలడం ఒక తప్పు. అది పొరపాటని ఎక్కడో ఒకచోట సర్దుకున్నాను. కానీ ఒక మనిషి బుర్ర సరిగ్గా పని చేస్తుంటే, నీ బుర్ర చెడిందని నమ్మించి ఇంటికి పంపించాను. ఆమె మనవరాలిని ఎత్తుకోలేకపోతోంది. దీన్ని ఏ పేరుతో పిలవాలి? నాకు ఇంతవరకు దొరకలేదు.

పదకొండు రోజులు ఆగాను. ఎందుకు ఆగానంటే, భయం. ఇంకే గొప్ప కారణమూ లేదు. పన్నెండోరోజు ఆదివారం, పొద్దున గోనెగండ్ల బస్సెక్కాను.

ఉరుకుందమ్మ వాకిట్లో కూర్చుని ఎడమచేత్తో శనక్కాయలు ఒలుస్తోంది. కూతురు గడపలో పాపకు పాలిస్తోంది. నన్ను ఉరుకుందమ్మే ముందు గుర్తుపట్టింది. "నువ్వు పొయ్యి పిల్లోడివి కదప్పా," అంది. ఆరేళ్ల తర్వాత, బస్సు దుమ్ముతో, గడ్డంతో ఉన్న నన్ను. మతిమరుపు మనిషి.

కూర్చోమంది. నేను నిలబడే చెప్పాను. కైరుప్పల, పిడకలు, ఆమె ఫోన్, నేను అన్న మాట. రోజూ అట్లనే సేయాల్నా అని ఆమె అడగడం. సెయ్యి అని నేను అనడం. వంటగదిలో అబద్ధం ఆడడం. టీ కొట్టు సంగతి కూడా చెప్పాను, కూతురు తల ఎత్తి చూసింది అప్పుడే.

ఉరుకుందమ్మ చేతిలో శనక్కాయ అట్లాగే ఉంది.

"అయితే నేను మర్సిపోలేదా?"

"లేదక్కా."

"నువ్వు సెప్పినావు. ఆపమని. నేను సరిగ్గానే ఇన్యాను."

"సరిగ్గానే విన్నావు."

ఆమె కూతురి వైపు తిరిగింది. "నేను మర్సిపోలేదంటమ్మే," అంది. కూతురు నన్ను తిట్టింది. ఏమని తిట్టిందో రాయను, ప్రతి మాటా సరిపోయింది. నేను క్షమించమన్నాను. ఉరుకుందమ్మ చేతిలోని శనక్కాయను ఒలిచింది. చివరికి, నా వైపు చూడకుండా అంది.

"నాకాడికొచ్చి సెప్తే యేమొస్తాది? ఆ ఇంట్లో సెప్పు. నన్ను మతిలేనిదన్నది ఆడ."

అదే రోజు బస్సులో ఎమ్మిగనూరు తిరిగొచ్చి, అటునుంచి ఆదోని పోయాను. ఆగితే పోనని తెలుసు. సావుకారు ఇంట్లోనే ఉన్నాడు. అవ్వ పోయి రెండేళ్లయిందట. వంటగదిలో ఇప్పుడు గ్యాసు పొయ్యి. గాజుది కరెంటు పోతే పనికి రావడం లేదని ఎప్పుడో తీసేశారట. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. పొయ్యి బిగించినవాణ్నంటే ఏదైనా బాకీ ఉందా అన్నాడు. లేదన్నాను. రొట్టెలు చేసే ఆమె చెయ్యి కాలిన సంగతి చెప్పాలని వచ్చానన్నాను.

"ఎవురు? మనింట్లోనా?" ఆయన భార్యను పిలిచాడు. ఆమె కాసేపు ఆలోచించింది. "అవును, ఎవురో ఒకామె... చెయ్యి కాల్సుకునింది. పేరేమో ఉండె. గుర్తుకు రావడం లేదప్పా."

నాకు నవ్వు రాలేదు.

"ఎప్పుడో అయిపోయింది కదప్పా," అన్నాడు సావుకారు, మర్యాదగానే. "ఇప్పుడు అదంతా ఏంటికి?"

అయినా నిలబడి మొదటి నుంచి చెప్పాను. ఆయన ఫోన్ రెండుసార్లు మోగింది, ఆగాను, మళ్లీ అందుకున్నాను. వాళ్లు నన్ను తిట్టలేదు, మంచిదనీ అనలేదు. చెప్పడం అయిపోయాక ఒళ్లు తేలికైందా అంటే, కొంచెం అయింది. ఆ కొంచెం మీద నాకు హక్కుందో లేదో తెలియదు.

వాళ్లకు గుర్తు రాని పేరు నేనే చెప్పాల్సి వచ్చింది. ఉరుకుందమ్మ అని చెప్పాను. గోనెగండ్ల ఉరుకుందమ్మ. ఆమె ఏదీ మరిచిపోలేదు అని.